స్ఫూర్తి కోసం ఎదురుచూసేవాళ్ళకో దండం

మొన్న శనివారం పొద్దున్నే హైదరాబాదు నుంచి ఫోను. ఎంటెక్‌లో నా రూమ్మేటు.

"ఒరేయ్, నవల ఆగిపోయిందిరా" అన్నాడు, పలకరింపులు కూడా లేకుండా.

వాడు నవల రాస్తున్నాడని నాకు తెలుసు. నలభై పేజీలు రాశాడు. నలభయ్యో పేజీలో నాయిక రైలు దిగింది. దిగి ఎనిమిది నెలలైంది. పాపం, ఆ పిల్ల ఇంకా కాజీపేట ప్లాట్‌ఫారం మీదే సూట్‌కేసు పట్టుకుని నిలబడి ఉంది.

"ఎందుకాగింది?"

"మోటివేషన్ పోయిందిరా. మొదట్లో ఉన్న ఊపు లేదు. నువ్వూ రాస్తున్నావు కదా, ఇన్‌స్పిరేషన్ ఎలా నిలబెట్టుకుంటున్నావు?"

"ఎవరికివ్వాలి? ఎప్పటికివ్వాలి?" అనడిగాను.

"ఏంటి?"

"నవల. ఎవరికివ్వాలి? ఏ తారీఖుకి?"

"ఎవరికీ లేదు. నాకోసమే రాసుకుంటున్నా."

"అయితే మానెయ్. కథ నీకెలాగూ తెలుసుగా."

వాడికి కోపమొచ్చింది. రావాలి కూడా. నేనన్న తీరు మొరటుగా ఉందని ఒప్పుకుంటాను. మాట తప్పని మాత్రం ఒప్పుకోను. ఫోనులో చెప్పలేకపోయింది ఇక్కడ చెప్తాను. వాడు చదువుతాడని తెలుసు, తిట్టుకుంటూనైనా.

నా వాదన చిన్నది. నవల రాసేవాడికి స్ఫూర్తి అక్కర్లేదు. ఎదురుచూసే మనిషి ఒకడు కావాలి, తారీఖు ఒకటి కావాలి. ఆ రెండూ లేనివాడు ఎన్ని పుస్తకాలు చదివినా, ఎన్ని వర్క్‌షాపులకెళ్ళినా, గోడకి ఎన్ని సూక్తులంటించినా ఆ అమ్మాయి ప్లాట్‌ఫారం దిగదు.

మా వృత్తి సంగతే చూడండి. నేను కన్సల్టెంటుని. పదకొండేళ్ళుగా కౌలాలంపూర్‌లో ఉంటూ బ్యాంకులకీ బీమా కంపెనీలకీ ప్రోగ్రాములు రాసిపెడుతున్నాను. "ఈ వారం నాకు లోపల్నుంచి పొంగుకు రావడం లేదండీ, వచ్చాక మీ వడ్డీ లెక్కల మాడ్యూలు రాస్తాను" అని ఏ క్లయింటుకైనా చెప్పి చూడండి. తర్వాతి సోమవారం మీ కుర్చీలో ఇంకొకరుంటారు. వడ్డీ లెక్కల మాడ్యూలు మీద నాకు ఏనాడూ ప్రేమ పుట్టలేదు. అయినా అది చెప్పిన తారీఖుకి వెళ్ళింది. నేను ప్రాణం పెట్టి ప్రేమించిన నవల మాత్రం ఐదేళ్ళు మూడో అధ్యాయం దగ్గరే ఉండిపోయింది. ప్రేమ, ఉత్సాహం, స్ఫూర్తి మనిషి చేత పని చేయించేవే అయితే ఇది తారుమారు కావాలి కదా?

నేనేదో గట్టున కూర్చుని ఈత పాఠాలు చెప్తున్నాననుకోకండి. మునిగి లేచినవాణ్ణే.

2017లో మొదలుపెట్టాను. మొదలుపెట్టడమంటే, ముందు మంచి నోటుబుక్కు కొన్నాను. దాని మీద రాయడానికి మంచి పెన్ను. తర్వాత నవలలు రాసేవాళ్ళకోసమే తయారుచేసిన సాఫ్ట్‌వేరు. అందులో తెలుగు అక్షరాలు విరిగిపోతున్నాయని నేనే ఒక స్క్రిప్టు రాసుకున్నాను. ఆ స్క్రిప్టుకి మూడు వారాలు పట్టింది, ఎంత ఆనందంగా చేశానో! పాత్రల పుట్టినరోజులతో స్ప్రెడ్‌షీటు. పెటాలింగ్ జయలో ఒక హోటల్లో డబ్బు కట్టి ఒక రోజు వర్క్‌షాపుక్కూడా వెళ్ళాను. కళ్ళు మూసుకుని "నేను రచయితను" అని ఇరవై సార్లు అనుకోమన్నారు. అనుకున్నాను. భోజనం బాగుంది.

ఇలాంటి చోట్ల చెప్పే చిట్కాలన్నిట్లోనూ ఒక తమాషా ఉంది. నడకకి వెళ్ళండి, పాటలు వినండి, ఇష్టమైన నవల మళ్ళీ చదవండి, రాసుకునే చోటు మార్చండి, మీ పుస్తకం అచ్చయినట్టు ఊహించుకోండి. అన్నీ మంచి సలహాలే. ఏ ఒక్కటీ రాయమనదు. రాయకుండా గడిపిన గంటకి రాసినంత తృప్తినివ్వడమే వాటి పని. అందుకే నాకు వాటి మీద ఇంత కోపం. బద్ధకాన్ని బద్ధకమంటే సిగ్గుతోనైనా కదుల్తాం. దానికి "స్ఫూర్తి కోసం ఎదురుచూడటం" అని పేరు పెడితే ఏళ్ళ తరబడి గౌరవంగా కూర్చోవచ్చు.

సరే, అసలు నేను రాయాలనుకున్నదేంటో చెప్పాలి. లేకపోతే ఇదంతా కాలక్షేపం గొడవలా కనిపిస్తుంది.

మలేషియా తెలుగువాళ్ళంటే మనవాళ్ళకి నాలాంటి ఐటీ వాళ్ళు గుర్తొస్తారు. మేం నిన్న వచ్చినవాళ్ళం. మాకంటే ముందు, వందేళ్ళకి పైగా క్రితం నుంచి, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి జనం ఓడలెక్కి ఇక్కడి తోటలకొచ్చారు. ఇప్పటి విజయనగరం అప్పట్లో విశాఖ జిల్లాలోనిదే. మొదట ఒప్పంద కూలీలుగా వచ్చారు. 1910లో ఆ పద్ధతి రద్దయ్యాక కంగాణీల వెంట వచ్చారు. కంగాణీ అంటే తోట దొర తరఫున సొంత ఊరెళ్ళి, మనుషుల్ని పోగేసుకొచ్చే మేస్త్రీ. 1938లో భారత ప్రభుత్వం ఈ కూలీల ఎగుమతిని ఆపేదాకా అది సాగింది. పేరా రాష్ట్రంలో తెలుక్ ఇంతాన్, బగాన్ దాతుక్ వైపు వెళ్తే వాళ్ళ మనవలూ మునిమనవలూ ఇవాళ్టికీ తెలుగు మాట్లాడుతూ కనిపిస్తారు. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయంటే, ఆ కూలీల పిల్లలు నిలబెట్టుకున్న భాషకి దక్కిన గౌరవమది.

2017లో ఒక స్నేహితుడి పెళ్ళికి బగాన్ దాతుక్ వైపు వెళ్ళినప్పుడు ఒక తాత పరిచయమయ్యాడు. అప్పటికాయనకి ఎనభై మూడు. తోట బళ్ళో మూడో తరగతి దాకా తెలుగు చదివాడు. నేను తెనాలి వాణ్ణి. ఆయన మాట మొదట సగమే అర్థమైంది. ఎప్పుడూ ఇండియా చూడని మనిషి నోట్లో శ్రీకాకుళం యాస, మధ్యమధ్య మలాయ్ మాటలు. కష్టాన్ని "సుసా" అంటాడు, సంతని "పసార్" అంటాడు.

ఆయన చెప్పిన కథ ఒకటే. 1942లో మలయా జపానువాళ్ళ చేతికొచ్చింది. వాళ్ళు సయాం నుంచి బర్మాకి రైలు మార్గం వెయ్యాలనుకున్నారు. 415 కిలోమీటర్లు, అంతా అడవి. 1942 జూన్‌లో మొదలుపెట్టి 1943 అక్టోబరుకల్లా కలిపేశారు. దానికోసం మలయా తోటల నుంచి 70 వేలకి పైగా కూలీల్ని తరలించారు. ఎక్కువమంది తమిళులు, వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. కలరా, మలేరియా, ఆకలి. వెళ్ళినవాళ్ళలో వేలమంది తిరిగి రాలేదు. తాతకి ఎనిమిదేళ్ళప్పుడు తోటలోకి లారీ వచ్చింది. వాళ్ళ నాన్న ఎక్కాడు. అంతే, ఆ లారీ వెనకభాగం తప్ప ఆయనకి నాన్న గురించి చివరిగా గుర్తున్నదేమీ లేదు.

"బాబూ, ఇది రాయి. నువ్వు రాసి సదివితే నాను ఇంటాను. కళ్ళు కనబడవు, సెవులు బాగానే పన్జేస్తన్నాయి" అన్నాడు.

ఇంతకంటే స్ఫూర్తి ఏ రచయితకైనా ఏం కావాలి చెప్పండి? ఆ రాత్రి తిరుగు ప్రయాణంలో కారు ఆపి మరీ మొదటి అధ్యాయం ఫోనులో రాసేశాను. నెలలో మూడు అధ్యాయాలయ్యాయి. ఆ తర్వాతే నోటుబుక్కులూ, స్ప్రెడ్‌షీట్లూ. మూడు అధ్యాయాలున్నప్పుడైనా తీసుకెళ్ళి చదివి వినిపించచ్చు కదా? "ఇంకా సానపట్టాలి" అనుకున్నాను. ఏడాదికి రెండుసార్లు వెళ్ళేవాణ్ణి. "రాస్తన్నావా బాబూ?" అనేవాడు. "రాస్తున్నాను తాతా" అనేవాణ్ణి.

2020 మార్చిలో ఇక్కడ లాక్‌డౌను పెట్టారు. మలేషియాలో రాష్ట్రాల మధ్య ప్రయాణాల మీద ఆంక్షలు, మధ్యమధ్యలో కొంత సడలించినా, 2021 అక్టోబరు దాకా ఉన్నాయి. ఆఫీసు లేదు, ట్రాఫిక్ లేదు, చుట్టాల్లేరు. "టైముంటే రాద్దును" అనే సాకు అక్కడితో చచ్చిపోయింది. ఆ పందొమ్మిది నెలల్లో నేను రాసిన పేజీలు సున్నా. రొట్టె చెయ్యడం మాత్రం నేర్చుకున్నాను.

2022లో తాత పోయాడు.

ఆ రాత్రి ఏడుస్తూ పన్నెండు పేజీలు రాశాను. నా జీవితంలో అంత ఆవేశం, అంత స్ఫూర్తి ఎప్పుడూ లేదు. వారం తర్వాత చదివితే పన్నెండూ చెత్త. నా దుఃఖం ఉంది, నా సిగ్గు ఉంది, లారీ లేదు. చింపేశాను. ఆ తర్వాత మళ్ళీ ఐదు నెలలు ఒక్క వాక్యం లేదు. ఇది గుర్తుపెట్టుకోండి. స్ఫూర్తి మీద నాకున్న కేసులో ఇదే ప్రధాన సాక్ష్యం. మనిషి చావు కన్నా పెద్ద ప్రేరణ నాకు దొరకదు. అదిచ్చింది ఒక్క రాత్రి ఏడుపు, పన్నెండు చెత్త పేజీలు.

"అది నీ చేతకానితనం, అందర్నీ కలపకు" అనచ్చు మీరు. సరే, చేతనైనవాళ్ళ దగ్గరికే వెళ్దాం.

మన తెలుగు నవల పుట్టుకే చూడండి. కందుకూరి వీరేశలింగం రాజశేఖర చరిత్రాన్ని 1878లో తన వివేకవర్ధనిలో విడతలుగా వేసుకుంటూ వచ్చారు. పత్రిక బయటికెళ్ళాలి, పేజీ నిండాలి. 1890ల్లో చింతామణి పత్రిక నవలలకి పోటీలు పెట్టింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి రామచంద్ర విజయం ఆ పోటీకి వెళ్ళి బహుమతి తెచ్చుకున్నదే.

ఇక వేయిపడగలు. తెలుగులో మహానవల అనగానే పదిమందిలో తొమ్మిదిమంది చెప్పే పేరు. విశ్వనాథ వారు దాన్ని ఎప్పుడు రాశారు? 1934లో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ పెట్టినప్పుడు. ఆయన చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాశారు. 29 రోజుల్లో పూర్తయిందని ప్రసిద్ధి. చివరికి బహుమతిని అడివి బాపిరాజు గారి నారాయణరావుతో కలిపి పంచారు. అంటే ఒకే గడువు మన భాషకి రెండు గొప్ప నవలలిచ్చింది. ఆ గడువు లేకపోతే ఆయన రాసేవారు కాదని నేననను. ఆయన విశ్వనాథ. కానీ ఆ నెలలో రాసి ఉండేవారా?

దానికి తోడు దోస్తోయెవ్‌స్కీ 'జూదరి'ని పక్కన పెట్టి చూడండి. 1866లో ప్రచురణకర్తతో చేసుకున్న ఒప్పందం మెడకి చుట్టుకుంది. గడువు దాటితే తన రచనల హక్కులు పోతాయి. 26 రోజుల్లో, స్టెనోగ్రాఫరుకి డిక్టేషనిచ్చి ముగించాడు. ఆ స్టెనోగ్రాఫరునే తర్వాత పెళ్ళిచేసుకున్నాడు, అది వేరే సంగతి. ఇక్కడా అక్కడా ఎదురుగా ఒక మనిషి కలం పట్టుకుని కూర్చుని ఉన్నారు. "ఊఁ, తర్వాత?" అన్నట్టు చూస్తున్నారు. ఆ చూపు ముందు స్ఫూర్తి లేదని ఎంతసేపు కూర్చోగలం?

తర్వాత వారపత్రికల కాలం. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' నవోదయ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. యండమూరి తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చింది. మా అమ్మా పిన్నీ ఆ పత్రిక ముందెవరు చదవాలని పోట్లాడుకునేవారట. ప్రతివారం పేజీలు అందకపోతే అవతల సంపాదకుడు గోల పెడతాడు, అతని వెనక వేలమంది పాఠకులు. ఆ వారపత్రికలు చాలామటుకు మూతపడ్డాయి. తెలుగు నవల తగ్గిపోయిందని ఏడుస్తాం. రచయితలకి ప్రేరణ కరువైందంటాం. కరువైంది ప్రేరణ కాదు బాబూ, గురువారం కల్లా పేజీలు పంపమని వచ్చే ఉత్తరం.

నమ్మకపోతే పోటీలున్న చోట ఏం జరిగిందో చూడండి. తానా వాళ్ళ నవలల పోటీ నుంచి 1997లో చంద్రలత రేగడి విత్తులు వచ్చింది. 2017లో బండి నారాయణస్వామి శప్తభూమి వచ్చింది, దానికి తర్వాత సాహిత్య అకాడెమీ బహుమతి కూడా వచ్చింది. 2019లో సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి కొండపొలం. వీళ్ళెవరూ వర్క్‌షాపులో కళ్ళు మూసుకుని కూర్చున్నవాళ్ళు కారు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు ఒక తారీఖు ప్రకటించారు, రాయలసీమలో ఉన్న రచయిత రాసిచ్చాడు.

ఈ మలేషియా గడ్డ మీద కూడా ఇదే కథ. ఆంథనీ బర్జెస్ 1954లో కౌలా కంగ్సార్ మలాయ్ కాలేజీకి మేస్టారుగా వచ్చాడు. ఉద్యోగం చేసుకుంటూనే మలయా మీద మూడు నవలలు రాశాడు. 1959లో బ్రూనైలో పాఠం చెబుతూ క్లాసులో కూలబడ్డాడు. మెదడులో గడ్డ, ఏడాదే బతుకుతావన్నారని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఆ రోగనిర్ధారణ నిజమా కాదా అని జీవితచరిత్రలు రాసినవాళ్ళు అనుమానించారు. ఏదైతేనేం, తను పోయాక భార్యకి నాలుగు డబ్బులుండాలని ఏడాదిలో అయిదు నవలలు రాశానన్నాడు. తర్వాత 1993 దాకా బతికాడు. రోజూ సూర్యాస్తమయం చూసి పొంగిపోయి రాసిన మనిషి కాడు. గడువూ, తన మీద ఆధారపడిన మనిషీ ఆయన చేత రాయించారు.

రెండో ఆయన కథ నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. పియెర్ బూల్ అని ఫ్రెంచివాడు. 1930ల్లో మలయా రబ్బరు తోటల్లో ఇంజనీరుగా పనిచేశాడు. యుద్ధమయ్యాక ఫ్రాన్సు వెళ్ళిపోయి 1952లో క్వాయ్ నది వంతెన మీద నవల రాశాడు. 1957లో సినిమా తీశారు, ప్రపంచమంతా చూసింది. ఆ రైలు మార్గం గురించి లోకానికి తెలిసిందంతా దాన్నించే. అందులో బ్రిటిష్ కల్నలు ఉన్నాడు, జపాను కల్నలు ఉన్నాడు. తోటల నుంచి లారీలెక్కిన కూలీలకి అందులో చోటు లేదు. తమిళులు ఊరుకోలేదు. అఖిలన్ ఇక్కడి తోటల జీవితం మీద నవల రాశారు. సయాం మరణ రైలు మీద మలేషియా తమిళ రచయిత ఆర్. షణ్ముగం నవల ఉంది. ఆ లారీలో మన తాత తండ్రి కూడా ఎక్కాడు. ఆయన గురించి రాస్తానని ఒప్పుకున్నవాడు పెటాలింగ్ జయలో "నేను రచయితను" అని ఇరవై సార్లు అనుకుంటూ కూర్చున్నాడు.

ఇప్పుడు మీ అభ్యంతరాలు.

గడువు పెడితే చెత్త తయారవుతుందంటారు. నిజమే. సీరియళ్ళలో సాగదీత మనకు తెలీనిదా! నాయకుడు సిగరెట్టు వెలిగించడానికి ఒక వారం, ఆర్పడానికి ఇంకో వారం పట్టేది. కానీ చెత్తని దిద్దచ్చు. లేని పేజీని ఎవడూ దిద్దలేడు. కోడు విషయంలో ఈ సంగతి మనందరికీ తెలుసు. నవల దగ్గరికొచ్చేసరికి మొదటిసారే ముత్యాల్లా రావాలంటాం.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారు మాలపల్లిని వేలూరు జైల్లో రాశారు, అక్కడ ఏ సంపాదకుడున్నాడంటారు. మంచి ప్రశ్న. అంపశయ్య నవీన్ కూడా ఎవరూ అడక్కుండానే రాసి, 1969లో అచ్చు వేయించారు. అలాంటివాళ్ళుంటారు, వాళ్ళకి వేయి దండాలు. ఉన్నవ గారిది మాత్రం ఖాళీగా కూర్చుని నాకోసం నేను రాసుకున్న వ్యవహారం కాదు. ఆయన ఎదుట ఒక ఉద్యమం ఉంది, ఒక కులం మొత్తం ఉంది. ఆ పుస్తకం చదివించాల్సిన జనం ఆయనకి జైలు గోడల్లోంచి కూడా కనపడ్డారు. ప్రభుత్వానికీ కనపడ్డారు కాబట్టే నిషేధించింది.

అమెరికాలో నవంబరు నెలలో 50,000 మాటల నవల రాసే పోటీ ఒకటి 1999లో మొదలైంది. లోకమంతా పాకింది. 2025లో ఆ సంస్థ మూతపడుతున్నట్టు ప్రకటించింది. "చూశావా, గడువుల పద్ధతి కూడా చచ్చింది" అని నాతో ఒకాయన అన్నాడు. నేనూ రెండేళ్ళు అందులో దిగాను. రెండుసార్లూ పదో తారీఖుకి చేతులెత్తేశాను. తెలుగులో 50,000 మాటలంటే ఇంగ్లీషు కన్నా చాలా ఎక్కువ పని అని సాకు కూడా దొరికింది. వాళ్ళు ఆరు మాటల్లో చెప్పేది మనం "రాలేకపోయుండచ్చేమో" అని ఒక్క మాటలో అనేస్తాం కదా! అసలు కారణం అది కాదు. అక్కడ తారీఖు ఉంది గానీ, ముప్ఫయ్యో తారీఖున నా పేజీల కోసం కూర్చున్న మనిషి లేడు. వాళ్ళు లెక్కపెట్టింది మాటల్ని. ఎవరూ చదవని మాటలు. సగం మందు వేసుకుంటే సగం జబ్బు మిగుల్తుంది.

మరి నాకు మిగతా సగం ఎక్కడ దొరికింది?

తాత పోయిన ఐదు నెలలకి ఆ ఇంటికి వెళ్ళాను. మామ్మ ఉంది. తోటలో రబ్బరు చెట్లు గీసిన చేతులు, వేళ్ళు వంకర్లు పోయాయి. టీ ఇచ్చి కూర్చుని, "మరి ఆ కత ఏటయ్యింది బాబూ? ఆయనికి సదవనేదు. నాకైనా సదువుతావా?" అంది.

అందులో నిష్ఠూరం లేదు. మామూలుగా అడిగింది. నాకు నోట మాట రాలేదు. "మూడే అయ్యాయి మామ్మగారూ" అన్నాను.

"ఆ మూడే సదువు. మిగిలినాయి వచ్చే నెల తే."

ఫోను తీసి చదివాను. రెండో అధ్యాయంలో ఆపింది. తెల్లారాక జనం తోటలోకి వెళ్ళినట్టు రాశానట. "ఎండొచ్చినాక ఎల్తే పాలు కారతాయేటి? సీకట్నే ఎల్లాల, దీపం కట్టుకొని. వానొస్తే ఆ రోజు కూలీ లేదు. అది రాసినావా?" రాయలేదు. ఐదేళ్ళు సానపట్టాల్సిన అధ్యాయంలో మొదటి వాక్యమే తప్పు. పైగా అందరి చేతా తెనాలి తెలుగు మాట్లాడించాను. "ఈ మడిసి ఏ ఊరోడు?" అనడిగింది కంగాణీ పాత్ర గురించి.

అప్పటినుంచి నెలకి ఒక అధ్యాయం. ప్రతి నెలా మొదటి ఆదివారం, రెండున్నర గంటలు కారు నడుపుకుంటూ వెళ్తాను. 2023 మార్చిలో మొదలుపెట్టాను. ఇప్పటికి ఇరవై ఏడో అధ్యాయం. మధ్యలో రెండు నెలలు తప్పాను, ఒకసారి ప్రాజెక్టు రిలీజు, ఒకసారి డెంగ్యూ. రోజూ పొద్దున ఆఫీసు రైల్లో నలభై నిమిషాలు ఫోనులో రాస్తాను. సగం రోజులు నాకు రాయాలని ఉండదు. ఆ విషయం ఎవరూ నన్నడగరు, నేనూ నన్నడగను. పళ్ళు తోముకోవాలని ఉందా అని పొద్దున్నే ఎవరైనా ఆలోచిస్తారా?

మామ్మ విమర్శకురాలిగా కఠినం. బాగోలేదని ఒక్కసారి కూడా అనలేదు. బాగోలేని చోట లేచి పొయ్యి మీద కూర చూడటానికి వెళ్తుంది. ఆమె ఎన్నో పేజీలో లేచిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటాను. ఇంటికొచ్చి ముందు అదే కొట్టేస్తాను. బాగున్న చోట చేతిలో పని ఆగిపోతుంది. అధ్యాయం అయిపోగానే "తరవాతేటయ్యింది?" అంటుంది. ఆ మాట కోసం నేను నెలంతా రాస్తాను. మీరు దాన్నే స్ఫూర్తి అంటానంటే అనండి, నాకు పేచీ లేదు. కానీ అది నా లోపల్నుంచి పుట్టింది కాదని ఒప్పుకోండి. కొండ మీదా, సముద్రం ఒడ్డునా దొరికింది కాదు. ఇంకో మనిషి నోట్లోంచి వచ్చింది.

పదో తరగతి చదివే మనవడు మొదట్లో గదిలోంచి బయటికొచ్చేవాడు కాదు. వాడికి తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. తోటల్లో ఒకప్పుడుండే తెలుగు బళ్ళు వాడు పుట్టేనాటికే లేవు. ఇప్పుడు గుమ్మంలో కూర్చుని ఫోనులో రికార్డు చేస్తున్నాడు. వాడి ముత్తాత లారీ ఎక్కే అధ్యాయం ఇంకా రాయలేదు. దానికోసం కూడా నేను భయపడుతూ వాయిదా వేశాను, ఒప్పుకుంటాను. కిందటిసారి వాడే అడిగాడు, "లారీ ఎప్పుడొస్తాది?" అని. వచ్చే నెల అన్నాను. నోరు జారాను. ఇక తప్పదు.

కాబట్టి ఒరేయ్, కోపం తగ్గాక విను. నీకు మోటివేషన్ పుస్తకం పంపను. మీ అత్తయ్యకో, మీ ఆఫీసు క్యాంటీన్లో పక్కన కూర్చునే మనిషికో, ఎవరికో ఒకరికి మాటివ్వు. ఎవరూ దొరక్కపోతే నాకివ్వు. ఈ నెలాఖరుకి పది పేజీలు. ఎలా ఉన్నా సరే పంపు. పంపకపోతే పదే పదే ఫోను చేస్తాను, నీ భార్యక్కూడా చేస్తాను. ఆ పిల్ల ప్లాట్‌ఫారం మీద నిలబడి ఎనిమిది నెలలైంది. ఎవరో ఒకరు వచ్చి ఆ సూట్‌కేసు అందుకోవాలి కదరా.

మీలో ఇంకెవరి డ్రాయర్లోనైనా నలభై పేజీలుంటే, అవి ఇవాళే ఒక మనిషికి చదివి వినిపించండి. చిన్న మనిషైనా సరే, ముసలి మనిషైనా సరే. ముసలివాళ్ళయితే ఇంకాస్త తొందరపడండి.

ఉంటాను మరి. ఆదివారానికి ఇంకా తొమ్మిది రోజులే ఉంది, లారీ ఇంకా తోట గేటు దగ్గరికి కూడా రాలేదు.